మోకాలు సెప్పని పుస్తకం

కోట గోడ పక్కన సన్యాసిరాజు పాత పుస్తకాల బండి.
మిల్లులో సిఫ్టు దిగి తిన్నగా అక్కడికే ఎల్లినాను,
జుత్తులో ఇంకా గోగునార నూగు.

"ఐసు మీద జారతారే, ఆ ఆట నేర్పే పుస్తకం కావాల."
అతగాడు నా కాళ్లకేసి సూసినాడు.
నాకు కాదు బావూ, మా ఝాన్సీకి. పన్నెండేళ్లు.
రింగురోడ్డు కాడ సిమెంటు నేల మీద
కాలికి నాలుగు చక్రాలేసుకుని తిరుగుతాది.
ఐసంటావా,
సేపల బజార్లో సూసింది,
రంపప్పొట్టు కప్పుకున్న దిమ్మ.

ఉన్నవన్నీ దించినాడు.
నాకు ఇంగిలీసు రాదు.
రాకపోతే ఏటి?
సీర కొనీటప్పుడు దారాన్ని అడుగుతానా, నీది ఏ బాసని?

అట్ట మీద ఒక పిల్ల గాల్లో ఉంది.
లోపల తిప్పితే పేజీ పేజీకీ గాల్లోనే ఉంది.
ఎక్కడ నెగిసింది, ఎక్కడ దిగింది?
ఒక్క బొమ్మలోనూ నేల నేదు.
పక్కనెట్టు బావూ,
దిగడం సెప్పనోడు ఎగరడం సెప్పకూడదు.

ఇంకోదాన్నిండా బాణాలు, అంకెలు.
మా గుంట లెక్కల్లో గట్టిదే గానీ
తిరిగీటప్పుడు లెక్కెట్టదు గదా.
అయినా ఒక బొమ్మ కాడ ఆగిపోనాను:
నడినెత్తి నుంచి బొటనేలి దాకా సన్నటి గీత.
అది నాకు తెలుసు.
పద్దెనిమిదేళ్లు కండెల ముందు నిలబడ్డాను.
ఇరుసు ఎంట్రుకంత పక్కకి పోతే సాలు,
దారం తెగి మొకమ్మీద కొడతాది.
గిర్రున తిరిగీది ఏదైనా
లోపల ఒక సోట కదలకూడదు.
ఆ పేజీ కోసం కొందామనుకున్నాను.
ఒక్క పేజీకి ఆరొందలు!

అడుగున ఒకటి మిగిలింది,
పల్చటిది, అట్ట ఊడింది.

మా అయ్య తప్పెటగుళ్లు ఆడీవోడు.
రేకు గుండె మీద మోగుతాది గదా,
జనమంతా గుండెకేసే సూసీవోరు.
"మోకాలు సూడే" అనీవోడు నాతో,
"గంతు అక్కడ దాసుంటాది."

దీంట్లో ప్రతి బొమ్మకీ మోకాలుంది.
వొంగక ముందు, వొంగినాక.
పడ్డం మీదే పదహారు బొమ్మలు,
సెయ్యి ఎటు పోవాల, తుంటి ఎటు,
గెడ్డం ఎలాగ దాసుకోవాల.

ముందటోడెవడో పెన్సిలుతో గీసుకున్నాడు.
ముప్పై పేజీల దాకా నలిగి, నూనె మరకలు.
ఆ తరవాతవి కొత్త నోట్లలాగ పెళపెళ.
"మద్దిలో ఒదిలీసినాడమ్మా" నవ్వినాడు సన్యాసిరాజు.
ఒదిలీసినాడో,
ముప్పయ్యో పేజీ కాడ ఇంకా వొంగుతానే ఉన్నాడో,
మనకేటి తెలుసు?

నూటిరవైకి తెగింది బేరం.

రాత్రి అన్నం ముందర ఎట్టుకుని సదివింది ఝాన్సీ.
"అమ్మా, ఇందులో అంతా అంచు గురించే.
బ్లేడుకి లోపలంచు, బయటంచు.
నా చక్రాలకి అంచేదే?"
ముద్ద నా నోట్లోనే ఉండిపోయింది.
నూటిరవై రూపాయలు.

తెల్లారగట్ట మంచు.
ఆ పుస్తకంలో మంచు ఏరు, మన మంచు ఏరు,
మనది సిమెంటుని తడిపి ఊరుకుంటాది.
మెట్టు మీద పుస్తకం ఇప్పి పెట్టి ఎల్లింది.
ఒక పక్కకి వొరిగింది. ఇంకొంచెం వొరిగింది.
తడి నేల మీద సూసినాను:
నాలుగు చక్రాల్లో రెండే గట్టిగా నొక్కినాయి,
మిగిలిన రెండూ తేలికగా, ఉన్నాయా నేవా అన్నట్టు.
మూడంకె లాంటిది ఏదో పడబోయి
సగంలో తనే పడింది.
గెడ్డం దాసుకుంది.
బొమ్మలో లాగ కాదు గానీ, దాసుకుంది.

గాలికి పుస్తకం పెళపెళమని
కొత్త పేజీల కాడికి ఎగిరింది.
ఎనక్కి తిప్పి
ముప్పయ్యో పేజీ అంచున నా టిపిను కేరేజీ పెట్టినాను.
మిల్లు బస్సుకి ఇంకా అరగంటుంది.