ఉమ్ బులమ్

శుక్రవారం సంతలో పదిహేను దినార్లకు దొరికింది కంప్యూటర్.
టాక్సీలో తెరను ఒళ్ళో పెట్టుకుని
జాబ్రియా దాకా తెచ్చాను,
జ్వరం బిడ్డలా అది ఒళ్ళు కాలిపోతుంటే.

వంటింటి వెనక గది. మంచానికీ బీరువాకీ నడుమ
ఇస్త్రీ బల్ల ఒక్కటే జాగా.
"ఇది ఈడ పెడితే నేను యాడ ఇస్త్రీ జేసేది?" అంటూనే
దాని మీద పాత చీర పరిచింది అవ్వ.

వైరు పై అంతస్తు నుంచి దించాలి.
ఆమె చేతి ముద్దలు తిని ఆరడుగులు పెరిగిన నాసర్
కిటికీలోంచి వదులుతూ అరిచాడు:
"అందిందా, ఉమ్ బులమ్?"

ఓబులమ్మ.
ముప్పై ఏళ్ళ కిందట ఈ గడపలో పేరు చెబితే
వాళ్ళకు అలా వినబడింది,
బులమ్ అనే కొడుకు తల్లి అని.
దిద్దబోయి ఊరుకుంది.
ఎప్పుడైనా వాడి క్షేమం అడిగితే
"బాగుండాడు" అనేదట.

పాస్‌వర్డ్ ఏం పెడదామంటే
బతాకా నంబరు పన్నెండంకెలూ గుక్కతిప్పకుండా చెప్పింది.
పుట్టినతేదీ ఉంటుంది దాంట్లో, వద్దవ్వా అన్నాను.
"ఏజెంటు రాసిన తేదీ అది.
ఆ పొద్దు పుట్టింది ఎవురు గనక?"

రౌటరు మీద మూడు దీపాలు వెలిగాయి.
నాలుగోది ఎర్రగా ఉండి ఉండి పచ్చబడింది.
మొక్కబోయి, చేతులు చెంగుకు తుడుచుకుంది.

నైట్ డ్యూటీలో కూర్చుని
మందుల సీసాల స్టిక్కర్ల మీద అక్షరాలు రాసి తెచ్చాను.
'క' అతికించాను, 'గ' అతికించాను.
'క'ను ఆమె గోటితో పీకేసింది.
"దీని కింద నూన్ ఉండాది గదే. మూసేస్తే నాకెట్ల తెలిసేది?"

నూన్.
దలాల్ హోంవర్కు చేస్తుంటే పక్కన బెండకాయలు తరుగుతూ
నేర్చేసుకుందట, అలిఫ్, బా, తా.
ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళు లేరు.
మా అమ్మకు అందిన జాబుల్లో
"ఇట్లు, మీ అమ్మ" అన్నది
ఒక్కో ఏడు ఒక్కో చేతిరాతలో ఉండేది.

మెతుకు పట్టి చూసినట్టు ఒక్కో మీటా నొక్కుతూ
మొదలుపెట్టింది, కుడి నుంచి ఎడమకు.
మాటలు తెలుగే.
ఆ అక్షరాల్లో 'చ' లేదు, 'ప' లేదు,
చింతపండు షింతబండైంది.
"పోనీలే, పులుపు యాడికీ పోదు."

గంటన్నర పట్టింది. పంపాను.
నందలూరు నుంచి వెంటనే అమ్మ ఫోను:
"ఏందే ఇది, చీమలు పారినట్టు? ఎవురు సదవాల?"
నాకు రాదు. నాసర్ చదవగలడు గానీ
ఏం చదువుతున్నాడో వాడికి తెలియదు.

స్పీకర్ పెట్టాను.
తెరకు ముక్కు ఆనించి, వేలు జరుపుకుంటూ
అవ్వే చదివింది,
తడబడిన చోట వెనక్కొచ్చి మళ్ళీ అందుకుంటూ:
"అమ్మణ్ణీ, రాసేది నేనే. గ్యాసు తెప్పించినావా..."

అవతల అమ్మ ఎంతకీ పలకలేదు.
లైను తెగిందేమోనని
అవ్వ రౌటరు వైపు చూసింది.
నాలుగూ వెలుగుతూనే ఉన్నాయి.