నలభై లక్షలు

నాలుగేళ్లలో ఢిల్లేశ్వరి ఫైలు
పిండి సంచంత బరువెక్కింది.
స్కానులు, రక్తపరీక్షలు,
గొట్టాల్లోకి రంగు ఎక్కించి తీసిన ఫొటో.
మాత్రలు మింగేశాక ఖాళీ అట్టలు కూడా పారేయలేదు,
ఎవరైనా అడిగితే చూపించాలని.

నాకు ఫైలు లేదు.
నాకేం, పదో ఏట నుంచి బుడితిలో
కొలిమి ముందు కూర్చున్నవాణ్ని,
మరుగుతున్న ఇత్తడి మూసని పటకారుతో ఎత్తి
చుక్క ఒలకకుండా పోసేవాణ్ని.
మగాడికి వేరే పరీక్షేంటి?

శ్రీకాకుళంలో ఆ కొత్త డాక్టరమ్మ
ఫైలు తెరవనే లేదు.
నా వైపు తిరిగి, "మీ కాగితాలేవి?" అంది.

నీలం మూత డబ్బా ఒకటి ఇచ్చారు.
గడియ పడని తలుపు,
గోడ మీద ఎరువుల కంపెనీ క్యాలెండరు,
అవతల ఎవరో ముసలాయన దగ్గు.
చాలాసేపు పట్టింది.
డబ్బాని చొక్కా కింద దాచుకుని బయటికొస్తే
"అలాగే వెచ్చగా ఉంచండన్నా, మంచిదే"
అన్నాడు ల్యాబ్ కుర్రాడు, నవ్వకుండా.
ఆ నవ్వకపోవడానికి వాడికి ఇప్పటికీ బాకీ ఉన్నాను.

"నలభై లక్షలు" అంది డాక్టరమ్మ.
"కోటిన్నరైనా ఉండాలి."
బస్సు చార్జీ లెక్కేసుకుని వచ్చినవాణ్ని.
నా పేరు పక్కన అంత లెక్క వినడం
పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.
ఉండీ బీదవాణ్నే.

ఏం పనో అడిగింది. చెప్పాను.
రాస్తున్న పెన్ను ఆగింది.
ఎడమ వైపు సిరలు ఉబ్బాయట.
వాటికి ఒంటి వేడే ఎక్కువట,
అందుకే బయట, కాస్త చల్లగా, వేలాడుతుంటాయట.
నేనేమో ఇరవై నాలుగేళ్లు
నిప్పుకెదురుగా కాళ్లు బారజాపి కూర్చున్నాను.

మాకు తెలియని విద్యా అది?
మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాలుస్తాం.
మైనం కారిపోతుంది.
లోపల దాని ఆకారంలో ఖాళీ మిగులుతుంది.

ఖైనీ మానమంది. బిగుతు బట్టలు వద్దంది.
చిన్న ఆపరేషన్, సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చంది.
కొత్తవి తయారవడానికి డెబ్భై, ఎనభై రోజులు,
తొందరపడొద్దంది.
"తప్పకుండా అవుతుందామ్మా?"
"చెప్పలేను" అంది.
పసరు పోసినవాడు చెప్పగలిగాడు,
తాయెత్తు కట్టినవాడు తారీకుతో సహా చెప్పాడు.
చెప్పలేనన్న మనిషి మీదే నాకు గురి కుదిరింది.

మడపాం వంతెన మీద బస్సు నెమ్మదించింది.
ఢిల్లేశ్వరి వంశధార వైపు చూస్తూ
"నాలుగేళ్లు" అంది.
నరసన్నపేట వచ్చేదాకా మరో మాట లేదు.

గుమ్మంలోనే అమ్మ,
"దీనికేటి మందులు రాసిందిరా?"
"దానికి కాదే. నాకు."
చేతిలో చేట ఆగిపోయింది.
కాసేపటికి, "గట్టిగా అనకు, పక్కోళ్లు ఇంటారు."
"ఇననీ. దాని గురించి అన్నప్పుడు
నువ్వెప్పుడూ గొంతు తగ్గించలేదు గదా."

అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.
మర్నాడు మొదటి గ్లాసు టీ కోడలికిచ్చింది,
ముఖం మాత్రం చూడలేదు.

నా ఒక్క కాగితాన్ని తన ఫైలులో పెట్టబోతే
పిన్ను దిగలేదు.
ఢిల్లేశ్వరి దారంతో కట్టింది.

ఇప్పుడు వసారాలో కూర్చుని ఆకురాయి పడుతున్నాను.
కొలిమి దగ్గరికి మా బావమరిది గవర్రాజు వెళ్తున్నాడు,
గంటకోసారి లేచి రమ్మని అరుస్తుంటాను.
కూలి తగ్గింది.
ఎందుకు మారావని అడిగితే
మొదట నడుం నొప్పన్నాను. తర్వాత అనడం మానేశాను.

నిన్న సాయంత్రం అందరూ వెళ్లిపోయాక
పోలయ్య చెంబులు తుడిచినవే తుడుస్తూ మిగిలిపోయాడు.
పెళ్లై ఆరేళ్లు.
"అన్నా, ఆ ల్యాబ్ ఎక్కడ?"

దారి చెప్పాను.
"ఆ తలుపుకి గడియ పడదు, చూసుకో" అన్నాను.