ముల్లు కదలని పొయ్యి

మడిస్తే పలక, విప్పితే పెట్టె.
కెతూరా అత్త దాన్ని గోనెలో చుట్టి
పడవలో తన మోకాళ్ళ మధ్య ఇరికించుకునేది.
కన్నబిడ్డల్ని కూడా ఇంత భద్రంగా మోయలేదని
ఓబెద్ మామ ఎగతాళి.

తలుపు మీద గుండ్రటి గాజు, గాజు వెనక ముల్లు.
ఒకసారి సముద్రంలో జారిపడితే కొక్కెంతో లాగారు.
ఆనాటి నుంచి మూడువందల యాభై దగ్గరే నిలిచింది అది.
మంట మీద మూడువందల యాభై,
గోనెలో నిద్రపోతున్నా మూడువందల యాభై.
"దీన్ని నమ్ముకుంటే పస్తే" అనేది అత్త.

ఆగస్టు. లాబ్రడార్ తీరాన
చెట్టన్నది మోకాలు దాటని ఒక దీవి.
బేకాపిల్ ఏరడానికి దిగాం ముగ్గురం.
పేరుకే గానీ అది యాపిలూ కాదు, కాల్చేదీ కాదు,
నాచులో కూర్చున్న తేనెరంగు పండు,
కాడకి ఒక్కటంటే ఒక్కటి.
బకెట్ అడుగు కనబడకుండా పోయేసరికి
నడుము ఉందని తెలిసొస్తుంది.

మామ మంచినీళ్ళ డబ్బాతో పడవెక్కాడు.
ఎదుటి ఒడ్డు వాగు దాకా, గంట పని.
గంట అయింది.
పొగమంచు ముందు దూరపు కొండని తీసుకుంది,
తర్వాత నీళ్ళని,
తర్వాత మేం దిగిన రాళ్ళని.

అత్త ఏమీ అనలేదు. పిండి తీసింది.

స్టవ్‌కి పంపు కొట్టింది, ముప్పైసార్లు.
మంట నీలంగా బుసకొట్టి
గాలికి పడగ వాల్చేసింది.
పొయ్యి అడుగున ఒడ్డు మీది పలకరాయి,
గాలివాటుకి పాత తెరచాప ముక్క, దాని మీద రాళ్ళు.
లోపల చిటికెడు పిండి చల్లి లెక్కపెట్టడం నా వంతు:
ఇరవైకే నల్లబడితే మంట ఎక్కువ,
అరవైకీ తెల్లగా ఉంటే
గాలిదే గెలుపు.

ముద్దలో ఈగలు పడ్డాయి, నల్లవి, సన్నవి.
"ఎండుద్రాక్ష అనుకో."
అనుకోలేకపోయాను. ఇప్పటికీ.

రొట్టె సగం పొంగాక తలుపు కట్టిన తీగ తెగింది.
తలుపు ఊడి రాళ్ళ మీద గంతులేసింది,
కూడబెట్టిన వేడంతా ఒక్క ఊపిరిలో ఆవిరి.

కీర్తనల్లో తప్ప గొంతెత్తని మనిషి,
అప్పుడు తిట్టింది చూడండి.
గాలిని తిట్టింది, గాలిని కన్నదాన్ని తిట్టింది.
రేకుని, రేకు సాగదీసిన చేతుల్ని,
పొయ్యి అమ్మిన కొట్టువాణ్ణి,
వాడికి పుట్టబోయే మనవల్ని,
గంటలో వస్తానని చెప్పే మగజాతిని మొత్తంగా,
అందులో ఓబెద్ అనేవాణ్ణి విడిగా.
తిట్టుకో దెబ్బ చొప్పున
గరిటె వెనకతో రేకు వంపు తీసింది.

ఓబెద్ దగ్గర గొంతు ఆగిపోయింది.
మళ్ళీ పంపు కొట్టింది, అవసరం లేకపోయినా.
నేను కొత్త తీగ వెతికాను, నా చేతిలోనే ఉన్నా.

అరవై. అరవై ఒకటి.
ఎవరూ చెప్పకుండానే లెక్కపెడుతున్నాను.

రొట్టె దిగింది: ఒకవైపు కొండ, ఒకవైపు గుంట,
మంట నాకిన మూల బొగ్గు.
దాన్ని ఒంటి మీది శాలువా తీసి కప్పింది అత్త.

అప్పుడు తెడ్డు చప్పుడు.

గడ్డం నిండా నీటిబొట్లతో దిగాడు మామ.
"వాసన పట్టుకుని వచ్చావా?" అన్నాను,
కథల్లో అలాగే వస్తారు కనక.
"వాసనా! గాలి అటు కొడుతుంటే వాసనెక్కడిది?
రెండుసార్లు దీవి దాటిపోయాను.
కొట్టువాడి మనవల దగ్గర చెవిన పడింది.
అక్కణ్ణించి తిన్నగా తెడ్డేశాను.
నా పేరు వచ్చాక ఆపేసిందేం?
చివరి నాలుగు బారలూ గుడ్డిగా రావాల్సొచ్చింది."

అత్త మాట్లాడకుండా రొట్టె కోసింది.
మాడిన మూల ఆయనకే.
దాని మీద పళ్ళు నలిపి పూసింది,
మామూలుకి రెండింతలు, అంచులు కారేలా.
బొగ్గు కరకరమంటుంటే
ఆయన మెల్లగా, ఒక్క ముక్క వదలకుండా తిన్నాడు.

మంచినీళ్ళ డబ్బా పడవలో పక్కకి ఒరిగి ఉంది,
ఖాళీగా.
ఎవరం అడగలేదు.