నాలుగు వాయిద్యాలకు

దేవరకొండ బస్టాండు వెనక, జిరాక్సు షాపులో
తెల్లకాగితాల మీద ఐదైదు గీతలు కొట్టుకుంట కూసున్న.
కీర్తన పాతదే. వాయించేటోళ్లే తక్కువైనరు.
పెండ్లి బ్యాండు మూతబడితే మిగిలిన క్లారినెట్టు,
సొట్టబడ్డ యుఫోనియం,
జక్రయ్య డప్పు,
ఒక మెట్టు పలకని హార్మోనియం.
ఆ మెట్టు వచ్చినప్పుడల్లా
స్వరాన్ని యుఫోనియానికి అప్పజెప్పిన.

మూడో చరణం కాడ చెయ్యి ఆగింది.
సంతోషమ్మవ్వ అక్కడ మాట మర్చిపోయేది.
ప్రతి ఆదివారం మర్చిపోయేది.
ఊఁ అని సాగదీస్తుంటే
చర్చంతా ఆగేది, పాస్టరు సుత.
ఎన్ని మాత్రలని ఎవరు లెక్కబెట్టిన్రు?
ఐదున్నర రాసి కొట్టేసిన.
ఆరు రాసిన.
అదీ కొట్టేసిన.

రిహార్సల్‌కు వచ్చి జక్రయ్య తన కాగితం
తిప్పి తిప్పి చూసిండు.
"గింత సదువు నాకెందుకు బిడ్డా,
అవ్వ దమ్ము ఎంతసేపో నాకెరికే" అని
దాన్నే చింపి, నాలుగు పుల్లలేసి
డప్పు కాపుకున్నడు.

నేనేం అనలే.
యుఫోనియం పిల్లగాడి కాగితం తీసుకొని
మూడో చరణంలో, ఖాళీ గీతల మీద
పెన్సిలుతో రాసిన:
ఇక్కడ జక్రయ్య మొకం చూడు.