కొసరు

ఏడుంబావుకి వస్తాడు యానిక్,
చేతిలో ఎర్ర స్టిక్కర్ల చుట్ట.
అప్పటికే మేం పెరుగుల ఫ్రిజ్ చుట్టుపక్కల
తలో దిక్కూ చూస్తూ నిలబడి ఉంటాం.
దేనికోసమూ కాదు, ఊరికే.
నేను మస్టర్డ్ సీసా వెనక అక్షరాలు చదువుతుంటాను,
ఇప్పటికది నాకు కంఠతా వచ్చు.
చారల టోపీ ఆయన గుడ్ల అట్ట తెరుస్తాడు, మూస్తాడు,
పగిలినవి లేవని తెలిసీ మళ్లీ తెరుస్తాడు.
బల్గేరియా నుంచి వచ్చిన జంట
సబ్బుల ముందు గుసగుసగా పోట్లాడుకుంటారు.
పోట్లాట మాత్రం నిజమేననుకుంటాను.

డూయిస్‌బుర్గ్‌లో ఫిబ్రవరి.
ఉక్కు కొలిమి వైపు ఆకాశం
మాడిన పాలగిన్నె అడుగులా ఉంది.
లాండ్రీలో పని దిగి నేరుగా ఇటే వస్తాను,
చేతులింకా ఆవిరి వాసన.
యూరో బిళ్ల పెడితే గాని గొలుసు వదలని బండ్లు.
నా దగ్గర బిళ్లకి బదులు ఒక ప్లాస్టిక్ రేకు,
తాళాలు చేసే కొట్టాయన ఊరికే ఇచ్చింది.
ఆ కొట్టు మూతపడి నాలుగేళ్లు.
రేకు మీద ఆయన ఫోన్ నంబరు ఇంకా చెరగలేదు.

ఇక్కడ బేరం లేదు.
అట్టపెట్టెల మూతి చింపి అలాగే అరల్లో నిలబెడతారు.
సర్దే మనిషే బిల్లు వేస్తుంది, బిల్లు వేసే మనిషే ఊడుస్తుంది.
వెన్న ధర పెరిగితే అడగడానికి మొహం లేదు.
చిన్నప్పుడు శుక్రవారం సంతలో బంగాళాదుంపలావిడ
తూచేశాక ఇంకోటి పడేసేది,
మట్టితో సహా.
ఆ మట్టి కూడా కొసరే.

ముప్పై శాతం తగ్గింపు,
రేపటితో గడువు తీరే కోడి తొడలకి, మీగడకి, చేపలకి.
స్టిక్కరు వేసి యానిక్ అటు తిరిగాక
మూడు ఊపిరులు ఆగాలి.
ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలుసు.
పందొమ్మిదేళ్లవాడు,
మాకంటే ముందు వాడి చెవులే ఎర్రబడతాయి.

నిన్న రోస్విత ఆగలేదు.
హెరింగ్ చేప డబ్బా మీదికి ఆమె చెయ్యీ
స్టిక్కరుతో వాడి చెయ్యీ ఒక్కసారే వెళ్లాయి.
చేపకి పడాల్సింది కోటు మోచేతికి పడింది.
వాడు చూసుకోలేదు, ఆవిడా చూసుకోలేదు.

గల్లా దగ్గర సెవ్‌గి.
చేటలో బియ్యం చెరిగినట్టు వస్తువుల్ని దాటిస్తుంది,
నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.
నిన్న చెయ్యి ఆపింది.
చేతి మిషను తీసి
రోస్విత మోచేతికి గురిపెట్టింది.
కీక్.
తెర మీద: ఈ వస్తువు జాబితాలో లేదు.

రోస్విత మోచెయ్యి తిప్పుకుని, కళ్లజోడు దించి చదివింది.
"ముప్పయ్యేనా? పిల్లా, ఈ మోకాళ్లకి
డెబ్బై అన్నా తగ్గించాలి."
చారల టోపీ ఆయన ఎంత నవ్వాడంటే
గుడ్ల అట్ట నేను పట్టుకోవాల్సి వచ్చింది.
బల్గేరియా ఆవిడ మొగుడికి తర్జుమా చేసింది,
వాళ్ల వంతు నవ్వు కాస్త ఆలస్యంగా అందింది.
యానిక్ పరిగెత్తుకొచ్చి, తీసేస్తానండీ, అన్నాడు.
"ఉంచు నాయనా, రేపటి దాకా చెల్లుతుందిగా."

చేపకి మాత్రం పూర్తి ధరే పడింది.
ట్రామెక్కాక గాని ఆ సంగతి నాకు తట్టలేదు.
ఆవిడకి గల్లా దగ్గరే తట్టి ఉంటుంది.

ఇవాళ మళ్లీ వచ్చింది, అదే కోటు,
స్టిక్కరు ఒక మూల లేచింది.
చారల టోపీ ఆయన, పేరు ఊడోనట, అడిగాడు:
"ఇంకా ఎవరూ కొనలేదా?"
"బేరాలొస్తున్నాయి," అంది, పెరుగు డబ్బా మూత నొక్కి చూస్తూ.

ఏడుంబావు.
నేను మస్టర్డ్ సీసా తిప్పి పట్టుకున్నాను.
రెండో వరుసలో ఏముంటుందో
ఎంతకీ గుర్తు రాలేదు.