నాలుగో వరుస

ఫిన్లాండులో, కొత్కా రేవులో, ఒక పాత గిడ్డంగి.
రెండు రాత్రులు, మూడు కెమెరాలు,
ఎనభైకి దగ్గరపడ్డ నలుగురు.
నా బల్ల మీదికి వచ్చేసరికి పదకొండు గంటల దృశ్యాలు.
తొంభై నిమిషాలకు కోయాలి.

ఇంటర్వ్యూలు ముందే తీసి పారేశాను.
"అరవై ఏళ్లుగా కలిసి వాయిస్తున్నారు, ఎలా ఉంది?"
తౌనో ఆలోచిస్తాడు.
కిటికీలో ఒక ఓడ ఈ చివర నుంచి ఆ చివరకు పోయేదాకా
ఆలోచిస్తాడు.
"బాగానే ఉంది."
నలుగురి మాటలూ పోగేసినా
కాఫీ కప్పు అడుగు తడవదు.

వేళ్లు మాత్రం వాగుడుకాయలు.
రంగు పెచ్చులూడిన ఎర్ర గిటారు మీద
ఎన్సియో చిటికెన వేలు కడ్డీని ఒత్తీ ఒత్తనట్టు తాకితే
స్వరం నీళ్లలో దీపంలా వణుకుతుంది.
వెనక రెయ్యో బేసు,
పని దిగి ఇంటికి నడిచే మనిషి అడుగులు.
కళ్లజోడుకు తాడు కట్టుకుని డ్రమ్ముల వెనక వైనో.

నాలుగో పాటలో దొరికాడు అతను.
రెండో కెమెరా జనం మీదికి తిరిగిన ఏడు సెకన్లు.
ఒళ్లో టోపీ. పెదవులు కదులుతున్నాయి.
మాటల్లేని పాట అది.
తాళం లెక్కపెడుతున్నాడేమో అనుకున్నాను.
వెనక్కి తిప్పాను. మళ్లీ తిప్పాను.
రెండో రాత్రీ అదే కుర్చీ,
అదే చోట ఊపిరి,
పల్లవికి వచ్చిన ప్రతిసారీ
పెదవులు కలిసి విడిపోతాయి.
మెరి అంటే మా భాషలో సముద్రం.
మెర్యా అంటే ఒక అమ్మాయి.

వైనోకి ఫోన్ చేశాను.
చాలాసేపు తీగల గుయ్యిమనే చప్పుడు.
"వాడు కలెర్వో. మా గాయకుడు.
అరవై రెండు, మొదటి కచేరీ.
మంచులో బస్సు ఆగిపోయింది.
జనం వచ్చేశారు, వాయించేశాం.
పాడేవాడేడని ఎవరూ అడగలేదు."

నేను పెట్టేస్తాడనుకున్నాను.

"తర్వాత మేమూ అడగలేదు."

పదకొండు గంటల్లోనూ ఇంత పొడుగు మాట లేదు.
దీన్ని ఎక్కడా పెట్టలేదు నేను.
పేరు వేయలేదు.
ఆ ముఖాన్ని మాత్రం పాట మధ్యలో ఉంచాను,
గిటారు కాస్త తగ్గే చోట.

దర్శకుడు గడియారం చూపించి గొణిగాడు:
తొంభై నిమిషాల మీద ఏడు సెకన్లు, ఎందుకు?

బస్సు ఆలస్యమైంది, అన్నాను.