చెన్నలక్

తర్లుపాడు రోడ్డు ఆస్పత్రిలో
టోకెన్ బోర్డు నేను చేసిందే.
ఎనిమిది గుర్తులు దాటితే పేరు కోసెయ్యమని
ఒక్క లైను రాశా, టీ తాగుతా.

ఒక సోమవారం
బోర్డు మీద ఎర్రగా వెలిగింది: చెన్నలక్
"చెన్నలక్, చెన్నలక్ ఎవరమ్మా?"
నర్సు రెండుసార్లు పిలిచింది.
బెంచీ మీద చెన్నలక్ష్మి
ఇంకెవరినో అనుకుని అట్టాగే కూర్చుంది,
చీటీ మోకాళ్ల మీద పెట్టుకుని.
పన్నెండున్నరకి డాక్టరు లేచి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అబద్ధం.
పట్టింది.
మూడింటికి మెలకువొచ్చింది.

మా నాయన రాతిపలకలు చీల్చేవాడు.
"రాయికి పొరుంటదిరా కాలేషా,
పొర చూడకుండా ఉలి పెట్టావా
పలక రాదు, పెంకులొస్తయ్."
అక్షరానికీ పొరుంటదని
చెన్నలక్ష్మి పేరు దగ్గరే తెలిసింది నాకు.
యంత్రం లెక్కలో
క ఒకటి, పొల్లు ఒకటి, ష ఒకటి,
మళ్లీ పొల్లు, మ, ఆపైన గుడి.
మన నోటికి అదంతా ఒక్క అక్షరం.

వ్యాసానికి పదకొండు రోజులు పట్టింది.
కోడ్ పద్నాలుగు లైన్లే,
మిగతాదంతా ఎందుకు అన్నదానికి జవాబు.
తెలుగులోనే రాశా.
'ఒత్తు తెగకుండా పేరు కత్తిరించడం'
అని పైన పెట్టి
కింద షేక్ కాలేషా, మార్కాపురం అని
నాలుగుసార్లు కొట్టి, నాలుగుసార్లు చెరిపి,
ఐదోసారి ఉంచి మీట నొక్కా.
లేచి మొహం కడుక్కుని తల దువ్వుకున్నా
పెళ్లిచూపులకు పొయ్యేవాడిలా.

"డబ్బులెంతిస్తారు?" అంది మా రజియా.
ఏమీ ఇవ్వరు.
"మరి ఎందుకంట ఆ నవ్వు?"

మొదటిరోజు చదివింది పదకొండుమంది.
అందులో ఏడుసార్లు నేనే.

నాయన చీల్చిన పలకలు
ఏ ఊరి బళ్లకు పోయినయ్యో,
ఎవరి అ ఆ లు మోసినయ్యో.
చెక్క ఫ్రేము వెనక కంపెనీ ముద్ర ఉండేది.
ఆయన పేరు యాడా లేదు.

రెండేళ్లకు,
కందుకూరు పొగాకు వేలం బోర్డులో
రైతుల పేర్లు మళ్లా అట్టాగే తెగినయ్.
ఎట్టా సరిచేశానో మర్చిపోయా.
అర్ధరాత్రి వెతికితే
మొదట్లోనే ఒక వ్యాసం దొరికింది.
ఎవడో గానీ ఓపిగ్గా చెప్పాడే అనుకుంటా చదివా,
కింద పేరు చూసిందాకా.

గదిలో ఎవరూ లేరు.
అయినా సిగ్గేసింది, ఒళ్లు పొంగింది,
మూడో పేరాలో తప్పొకటి కనిపించింది.
దిద్ది, తేదీ మార్చి పడుకున్నా.

ఇప్పుడు ఆస్పత్రి బోర్డు మీద పేర్లు
నిండుగా, కొసదాకా నడుస్తున్నయ్.
మొన్న అటు పోతా పోతా
ఊరికే నిలబడి చూస్తున్నా.
నర్సు అడిగింది:
"ఏందయ్యా, నీ టోకెన్ నంబరెంత?"